పలకని మేడ

నా రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం అని రాసి ఉంటుంది. అది అబద్ధం. ఆ కంపెనీ అమీర్‌పేటలో ఒక జిరాక్స్ షాపు మీద ఉండేది. నేను చేరకముందే మూసేశారు. అలాంటివాడి ఒట్టుకి విలువేంటని మీరు అనొచ్చు. అనండి. కానీ ఇది మాత్రం జరిగింది... నాకే జరిగింది. ఎవరు ఎటునుంచి ప్రశ్న వేసినా తడబడకుండా చెప్పగలిగిన అనుభవం నా దగ్గర ఇదొక్కటే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు నోరు ఆగదు. పెళ్లిలో ఆగదు, చావింట్లో ఆగదు, మేనేజరు ముందు అసలే ఆగదు. అందుకని నేను భయపడ్డానని చెబితే, జనం వింటూ వింటూ జోకు ఎప్పుడొస్తుందా అని నా మొహంలోకి చూస్తారు. ఇందులో జోకు లేదు. మధ్యలో ఎక్కడన్నా వస్తే అది నా అలవాటు. జరిగినదానిది కాదు.

పోయిన ఏడాది నేను నార్సింగిలో ఉండేవాణ్ణి. మాదాపూర్‌లో ఆఫీసు. మా గోదావరి జిల్లాలో అమ్మ అందరికీ హైటెక్ సిటీ అని చెప్పుకునేది. సిటీ ఏమీ లేదక్కడ. బండలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య ఒక అద్దాల మేడ, ఆ మేడలో నాకొక కుర్చీ. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటాయని ప్రపంచమంతా ఒకటే పరేషాను కదా... ఎక్కడో ఉన్న ఒక బ్యాంకు తేదీలన్నీ తీసుకుని, ఇదిగో నువ్వు ఈ శతాబ్దం దానివి అని ఒక్కోదానికీ చెప్పడం నా పని. దేశంలో ఇంజనీరింగ్ చదివి ఇంత గొప్ప పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ ఒకణ్ణి.

ఆఫీసు దగ్గర కిరాయిలు నా జీతం కంటే ముందు నడుస్తున్నాయి. అందుకని గచ్చిబౌలి దాటి, బండల మధ్య దారిలో స్కూటరు మీద ఎగురుకుంటూ పోతే వచ్చే నార్సింగిలో, మల్లేశం ఇంట్లో పక్కగది తీసుకున్నాను. మల్లేశానికి బర్రెలున్నాయి. పాలు పోస్తాడు. భార్య యాదమ్మ. వాళ్లతో పాటు మల్లేశం నాయనమ్మ... బాలమ్మ. అందరూ అవ్వ అనేవాళ్లు. నేనూ అవ్వ అనేవాణ్ణి.

అవ్వ వయసెంతో ఎవరికీ తెలియదు. అడిగితే ఒకటే జవాబు, తుగ్యానీ వచ్చినప్పుడు నాకు పాలపండ్లు ఊడుతున్నయి అని. తుగ్యానీ అంటే వరద. నిజాము కాలంలో, పందొమ్మిది వందల ఎనిమిదిలో, మూసీ లేచి హైదరాబాదు సగాన్ని తీసుకుపోయిన వరద. మళ్లీ అలా జరగకూడదనే ఆ తర్వాత పైన గండిపేట చెరువు కట్టారట. అవ్వ అప్పుడు నార్సింగిలో లేదు. పురానాపూల్ దగ్గర, ఏటి ఒడ్డున వాళ్ల గుడిసె. పెళ్లయ్యాక ఇటు వచ్చింది. ఏటిని వదిలి వచ్చాననుకుందేమో. అదే మూసీ ఇక్కడ మల్లేశం పొలం అవతల పారుతుంది.

పారుతుంది అన్నది మర్యాద మాట. నేను గోదావరిని చూసి పెరిగినవాణ్ణి. మూసీని మొదటిసారి చూసి, ఇదేనా అన్నాను. మల్లేశం నొచ్చుకున్నాడు. అవ్వ మాత్రం నా వైపు చాలాసేపు చూసి, గట్లనకు బిడ్డా, అది మన మాటలు ఇంటది, అంది.

మామూలు రోజుల్లో అవ్వ బంగారం. నన్ను కంపూటర్ పిలగా అని పిలిచేది. ఆమె చుట్టలు నేనే తెచ్చేవాణ్ణి. వాన పట్టిన రాత్రులు మాత్రం వేరు. గడప దగ్గరకు జరిగి, మోకాళ్లు ముడుచుకుని, చెవి బయటికి పెట్టి కూర్చునేది. తెల్లారేదాకా అంతే. గోడ అవతలినుంచి నేను వినేవాణ్ణి... దగ్గు, గాజుల చప్పుడు, మళ్లీ దగ్గు. నిద్రపో అవ్వా అని యాదమ్మ గొణిగేది. ఆమె పడుకునేది కాదు.

ఆ శ్రావణంలో చేవెళ్లలో యాదమ్మ తమ్ముడి పెళ్లి. వెళ్లేముందు యాదమ్మ నా గదికి వచ్చింది. పొద్దున్నే పోయి పొద్దుగూకేసరికి వస్తాం, మధ్యాహ్నం పక్కింటివాళ్లు బువ్వ పెడతారు, నువ్వు ఆఫీసు నుంచి జల్ది రా, అని చెప్పింది. నేను సరేనన్నాను. ఆమె వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడింది.

"సీనన్నా, మేం రాకముందే వానొస్తే... అవ్వ ఎవలో పిలుస్తున్నరంటది. అననియ్యి. కానీ పలకనియ్యకు."

ఎందుకన్నాను.

"గింత వయసుల గా పిలుపుకు పలికితే ఇగ దక్కదు. నువ్వు నవ్వకు. నోరన్న మూసి పట్టు, పలకనియ్యకు."

నవ్వలేదు. ఆఫీసులో నేను తలూపి ఒప్పుకునే పనులతో పోలిస్తే ఇది సులువే అనిపించింది.

మధ్యాహ్నం నుంచే ముసురు. సాయంత్రానికి కుండపోత. గచ్చిబౌలి దాటేసరికి నా స్కూటరు ఏడ్చి ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ, తడిసి ముద్దై ఇల్లు చేరాను. ఊరి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. చేవెళ్ల దారిలో వాగు పొంగిందట, బస్సులు ఆపేశారట. గండిపేట గేట్లు ఎత్తుతారట. ఒకడు ఎత్తారన్నాడు. ఇంకొకడు ఎత్తలేదన్నాడు. అంటే మల్లేశం వాళ్లు ఆ రాత్రికి రారు. అంతవరకు అర్థమైంది.

అవ్వ అప్పటికే గడప దగ్గర కూర్చుని ఉంది.

లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. గొంగడి కప్పాను. ఉల్లిపాయలు కోసి నూడుల్స్ వండాను. నాకు వచ్చిన వంట అదొక్కటే. అవ్వ గిన్నెలోకి తొంగి చూసి, ఇవేంది బిడ్డా, ఎర్రలా, అంది. వానలో బయటికొచ్చాయి, పట్టి వండాను అన్నాను. నవ్వింది. తినలేదు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే కరెంటు పోయింది.

చీకటి. పెంకుల మీద వాన. బర్రెల కొట్టంలో గొలుసు చప్పుడు. కందీలు వెదికి వెలిగించేసరికి... అవ్వ మంచం మీద లేదు. గడప దగ్గర ఉంది. తొంభై దాటిన మనిషి. కర్ర లేకుండా. చప్పుడు లేకుండా.

ఇది దయ్యం కథ అయితే ఇక్కడ పిల్లి అరవాలి. అరవలేదు. నేనూ వెళ్లి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. తలుపు వేశాను. గడియ పెట్టాను. కిటికీ చెక్కల సందుల్లోంచి తడిగాలి వచ్చి కందీలు వణుకుతోంది. ఊరికే ఉండలేక, అవ్వా ఆ వరద సంగతి చెప్పు అన్నాను. ఏదో ఒకటి మాట్లాడుతుంటే రాత్రి గడుస్తుందని. నా తెలివి అంతే ఉంటుంది.

ఆమె చెప్పింది.

వాన రోజుల తరబడి ఆగలేదట. అందరూ ఏటివైపే చూస్తున్నారట. నీళ్లు మాత్రం వెనకనుంచి వచ్చాయి. గల్లీలోంచి. ముందు నీళ్లు కనిపించలేదు, చప్పుడు వినిపించింది... చీకట్లో గిన్నెలు. వాళ్ల గుడిసెలో గిన్నెలు లేచి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎవరో అంట్లు తోముతున్నట్టు. అమ్మ లేచిందేమో అనుకుందట అవ్వ. చూస్తే అమ్మ పక్కనే ఉంది.

వాళ్ల నాయిన బేగంబజారులో మూటలు మోసేవాడు. కూతుర్ని భుజం మీద, పెళ్లాన్ని చేత్తో పట్టుకుని, ఒక సావుకారి మేడ దగ్గరకు చేర్చాడు. రెండంతస్తుల మేడ. పైన అప్పటికే కాలు పెట్టే చోటు లేదు. ఆ కులం ఈ కులం లేదు, మనదో తురకలదో లేదు. అందరూ తడిసిన గుడ్డలే. అమ్మ తన చీరకొంగుతో పిల్లను నడుముకు కట్టేసుకుంది. నాయిన మళ్లీ దిగాడు. గుడిసెలో ముసలితల్లి ఉంది. చూపు లేదు ఆమెకి. తెస్తా అని దిగాడు.

అంతే. చీకటి ఇంకా చిక్కబడింది. మేడ కిందిభాగం కనిపించడం లేదు. ఒక గడ్డివాము కొట్టుకుపోతోంది, దాని మీద కుక్క, కుక్క పక్కనే పాము, రెండూ కదలకుండా. ఎవరింటిదో తలుపు పోతోంది, దాని మీద దీపం వెలుగుతూనే ఉంది. ఎలా వెలుగుతుందవ్వా అన్నాను. నాకేం తెలుసు, నేను ముట్టిచ్చిన్నా అంది.

అప్పుడు పిలుపులు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక్క మాట. రాత్రిపూట బయటినుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలక్కూడదంటారు, మీకూ తెలిసే ఉంటుంది. మూడుసార్లు పిలవనివ్వాలి. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. మనిషి కానిది రెండు పిలుపులతో ఆగిపోతుంది. మా జిల్లాలోనూ ఇదే లెక్క. నేను రెండో ఆట సినిమా చూసి వచ్చినప్పుడు మా అమ్మ రెండు పిలుపులకి ఎప్పుడూ తలుపు తీసేది కాదు. అది దయ్యాల భయం కాదని, నాకు వేసే శిక్షని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ మేడ మీద కూడా ఎవరో పెద్దాయన అదే చెప్పాడట. ఏరు ఆకలి మీద ఉంది, దొరకనివాళ్లను పేరు పెట్టి పిలుస్తుంది, పలికినవాళ్లను తీసుకుపోతుంది, మూడోది వినేదాకా ఎవరూ నోరు తెరవొద్దు. ఆ మాట నోటా నోటా మేడంతా పాకింది. కింద చీకట్లోంచి పేర్లు వస్తున్నాయి. ఎల్లమ్మా... నర్సిగా... ఓ చంద్రయ్యా... ఒక్కోటీ ఒకసారి. కొన్ని రెండోసారి. మేడ మీద అంతమంది జనం. అందరూ వింటున్నారు. ఎవరి పేరు వాళ్లకు వినిపిస్తోంది. ఒక్కరూ పలకడం లేదు.

నాకు ఇక్కడ ఏదో జోకు వెయ్యాలనిపించింది. కందీలు వత్తి కొంచెం పెంచాను.

"అప్పుడు నన్ను పిలిచిండు. బాలా... అని. మా నాయిన గొంతే. నేను నోరు తెర్వబోతే మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఉల్లిగడ్డ వాసన గా చేతికి. రెండోసారి పిలిచిండు. దగ్గరకొచ్చి పిలిచిండు. అమ్మ ఇంక గట్టిగ వత్తింది."

మూడోది రాలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. కాసేపటికి ఆ జనంలోంచి ఒక తురకల ఆడమనిషి లేచి నిలబడిందట. ఆమెకి ఈ లెక్కలేవీ పట్టలేదు. మొగుడి పిలుపు వినగానే, మొదటి పిలుపుకే, ఇధర్ హూ, ఇక్కడున్నా అని గొంతు చించుకుని అరిచింది. అరుస్తూనే ఉంది. ఆ అరుపు పట్టుకుని అతను చీకట్లో ఈదుకుంటూ వచ్చాడు. మనిషే. చలికి పళ్లు టకటకలాడుతున్న మనిషి. పైకి లాగారు. అవ్వ వాళ్లమ్మ అది చూసింది. చూసి... పిల్ల నోటిమీద చెయ్యి తీసేసింది. ఇద్దరూ కలిసి అరిచారు. వాళ్లతో పాటు మేడంతా అరవడం మొదలుపెట్టింది. ఎవరి పేర్లు వాళ్లు. తెల్లారేదాకా.

కిందినుంచి ఇక ఎవరూ పలకలేదు.

"మా నాయినకు రెండు పిలుపులకే ఊపిరున్నదో... లేకపోతే నిజంగనే అది ఏరో. ఏదైంది బిడ్డా? నువ్వు సదువుకున్నోనివి గదా."

నేను చదువుకున్నది తేదీలు సరిచేయడానికి. ఇన్నేళ్లుగా ఈమె వానలో గడప దగ్గర దేనికోసం కూర్చుంటుందో అప్పుడు తెలిసింది. భయపడి కాదు. మూడో పిలుపు కోసం. ఒక్కసారి వస్తే పలుకుదామని. పోతానని తెలిసీ. అక్కడ పెళ్లింట్లో యాదమ్మ నా మీద నమ్మకంతో కూర్చుని ఉంది. ఇక్కడ ఈమె.

వాన కొంచెం తగ్గింది. తగ్గాక ఏటి హోరు వినిపించింది. పొలం అవతలే. ఆ మాట వినే మూసీ... ఇదేనా అని నేనన్న మూసీ. కప్పలు అరుస్తున్నాయి. గొంగడి వాసన. అవ్వ ఊపిరి. ఈల వేసినట్టు సన్నగా.

కప్పలు ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారే. ఎవరో స్విచ్ నొక్కినట్టు.

బర్రెల గొలుసు చప్పుడు కూడా లేదు.

అప్పుడు...

"బాలా..."

నేను విన్నాను. ఒట్టు. అరిచినట్టు లేదు. దూరంనుంచి పిలిచినట్టూ లేదు. నోటినిండా నీళ్లున్న మనిషి, అవి మింగకుండా పిలిస్తే ఎలా ఉంటుంది... అలా. మగగొంతు. ఏటి వైపునుంచి.

నా బుర్ర వెంటనే పనిలోకి దిగింది. తాగినవాడెవడో. బాలరాజు అనే స్నేహితుణ్ణి వెదుక్కుంటున్నాడు. ఊరికొక బాలరాజు ఉంటాడు. లేకపోతే గాలి. లేకపోతే ఈమే అంటోంది, కథ చెప్పీ చెప్పీ. ఆ చివరి ఆలోచన రాగానే తల తిప్పి అవ్వ మొహంలోకి చూశాను. కందీలు పక్కనే ఉంది. స్పష్టంగా కనిపిస్తోంది. పెదవులు బిగించుకుని ఉంది. గట్టిగా, చిన్నపిల్లలు మందు తాగనని బిగించినట్టు.

చూస్తూనే ఉన్నాను. ఆ పెదవులు కదల్లేదు. రెప్ప వెయ్యలేదు నేను.

"బాలా..."

ఈసారి దగ్గర. పొలం ఇవతల. ఇంటి ముందు.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు, అదే లేచింది. యాదమ్మ చెప్పింది కదా... నోరన్న మూసి పట్టు. చెయ్యి ఆమె నోటి దగ్గరకు వెళ్లింది. అవ్వ వెనక్కి జరగలేదు. చెయ్యి విదిలించలేదు. నా అరచేతిని చూసింది. ముక్కు కదిలింది. వాసన చూస్తోంది. సాయంత్రం ఉల్లిపాయలు కోసిన చెయ్యి అది.

ఆమె కళ్లు మూసుకుంది. నోరు మూసెయ్యి అన్నట్టు. ఇంక నాకు అలవాటే అన్నట్టు.

చెయ్యి దించేశాను.

ఎందుకు దించానో ఇప్పుడు అడిగితే ఏదో చెప్పగలను. అప్పుడు ఏమీ అనుకోలేదు. ఆ మొహం ముందు ఆ చెయ్యి ఉండలేకపోయింది, అంతే. అవ్వ కళ్లు తెరిచి నన్ను చూసింది. చాలా మెల్లగా అంది, యాదమ్మకు చెప్పకు. తర్వాత తలుపు వైపు తిరిగింది.

"ఓ నాయినా... ఈడున్న. మేడ మీదున్న."

మేమున్నది మేడ కాదు. పెంకుటిల్లు.

కొంచెంసేపు వాన ఒక్కటే. తర్వాత అరుగు మీద చప్పుడు. తలుపుకి అవతలే. ఎవరో కూర్చున్నట్టు. తర్వాత... బట్ట పిండుతున్న చప్పుడు. తలపాగా లాంటి పొడుగు గుడ్డని మెలితిప్పి పిండితే నీళ్లు ధారగా రాతి మీద పడతాయే, అది. ఆగి, మళ్లీ మెలితిప్పి, మళ్లీ. చివర్లో చుక్కలు. టప్... టప్... టప్.

ధైర్యవంతులైతే గడియ తీసి చూసేవాళ్లు. నేను రెజ్యూమెలో కూడా ధైర్యం అని రాయలేదు. గోడకు అంటుకుపోయి కూర్చున్నాను.

అవ్వ మాట్లాడుతోంది. ఫోనులో మాట్లాడినట్టు, మధ్యమధ్యలో ఆగుతూ. ఆగినప్పుడు నాకు వాన తప్ప ఏమీ వినిపించడం లేదు.

లేదు నాయినా, అమ్మ పోయి శానేండ్లాయె, అంది. ఆగింది. ఆ, పెండ్లయింది, పిల్లలు, పిల్లల పిల్లలు, అంది. ఆగింది. తర్వాత నా వైపు తలతిప్పి చూసి, మళ్లీ తలుపుకి చెప్పింది.

"గీయననా? మా ఇంట్ల కిరాయికుంటడు. మంచోడే. జర ఎక్కువ మాట్లాడ్తడు."

నా గురించి చాలామంది చాలా చోట్ల చెప్పుకుని ఉంటారు. అలా మాత్రం ఎవరూ చెప్పలేదు.

తర్వాత ఆమె గొంతు తగ్గింది. మూడోసారి ఎందుకు పిలవకపోతివి అని అడిగింది. ఈసారి చాలాసేపు ఆగింది. చెవి తలుపుకి ఆనించి వింటోంది. కందీలు వెలుగులో ఆమె తల మెల్లగా ఊగింది, అర్థమైనట్టు. అట్లనా... అంది. ఇంకోసారి, అట్లనా నాయినా... అంది.

అక్కడే, గడప దగ్గరే, గొంగడిలో ముడుచుకుని పడుకుంది. వెంటనే ఊపిరి బరువెక్కింది.

కప్పలు ఎప్పుడు మొదలుపెట్టాయో గమనించలేదు. నేను నిద్రపోలేదు. ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం, తీయడం... ఊపిరి తగులుతోందా... తగులుతోంది. మళ్లీ పెట్టడం. యాదమ్మ మాటే చెవిలో తిరుగుతోంది. పలికితే ఇగ దక్కదు. ఆపమని చెప్పిన ఒక్క పనీ ఆపలేదు నేను. రేపు వాళ్లు వచ్చేసరికి ఈ వేలికి ఊపిరి తగలకపోతే ఏం చెప్పాలి. ఏ తేదీ వరదలో పోయిందని చెప్పాలి.

తెల్లవారింది. తలుపు తీశాను. అరుగు తడిగా ఉంది. రాత్రంతా వాన పడితే అరుగు తడిగా కాక ఎలా ఉంటుంది. ఒకచోట నీళ్లు మడుగు కట్టాయి. అరుగు అక్కడ గుంటపడి ఉందేమో. చూడలేదు. చెయ్యి పెట్టలేదు.

వెనకనుంచి దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే అవ్వ లేచి కూర్చుని ఉంది. చాయ్ పెట్టవా బిడ్డా అంది. నా జన్మలో అంత సంతోషంగా ఎవరికీ చాయ్ పెట్టలేదు.

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. నేను ఎదురుగా కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, రాత్రి ఆయన ఏమన్నాడని. కల వచ్చిందంటుందేమో, ఎవరు అంటుందేమో అని ఆశ. ఆమె చాయ్ ఊదుకుంటూ, పక్క ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది.

"రెండుసార్లు పిలిచిన, సప్పుడు లేదు. చీకట్ల ఏ మేడో తెల్వలే, ఈ మేడ మీద నా వాళ్లు లేరనుకున్న. ఇంకో మేడ దిక్కు ఈదిన... అన్నడు. గంతే బిడ్డా. గంతే అయింది."

చాయ్ అంతా తాగి, గ్లాసు అడుగున మిగిలిన పంచదార వేలితో తీసుకుని నాకింది.

మధ్యాహ్నానికి వాగు తగ్గి మల్లేశం వాళ్లు వచ్చారు. యాదమ్మ ముందు అవ్వను చూసింది, తర్వాత నన్ను. పలికిందా అని కళ్లతో అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. నాకు అలవాటైన పనే కదా.

తర్వాత ఊళ్లో వాకబు చేశాను. ఆ రాత్రి గేట్లు ఎత్తనే లేదట. మరి నేను విన్న హోరు ఏంటో తెలియదు. కిరాణా కొట్టతను మాత్రం, మంచిరేవుల దిక్కునుంచి ఎవరో తప్పిపోయిన దూడ కోసం ఏటి ఒడ్డున తిరిగారని చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. దూడ పేరేంటో అడిగాను. అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి, దూడకు పేరేంది సారూ, తోకుంటది గానీ, అన్నాడు.

కాబట్టి నాకు తెలియదు. దూడ కోసం వచ్చినవాడే వానకు మా అరుగు మీద కూర్చుని తలగుడ్డ పిండుకున్నాడేమో. నిద్రలేక నా చెవులే మోగాయేమో. అవ్వకి కావలసిన జవాబు అవ్వే చెప్పుకుందేమో. ఈ మూడూ కలిపి పెట్టినా ఆ రెండో పిలుపు దగ్గర నేను కన్నార్పకుండా చూసిన ఆ పెదవులు సరిపోవడం లేదు. అవి కదల్లేదు. అదొక్కటే నాకు తెలిసింది.

యాదమ్మ భయపడ్డట్టు ఏమీ జరగలేదు. అవ్వ ఇప్పటికీ ఉంది. మొన్న నేను వెళ్తే చుట్టలు తేలేదని తిట్టింది. యాదమ్మ ఆశ్చర్యపోతూ చెప్పింది, ఏమైందో ఏమో, ఈ ఏడు ఎంత వాన పడ్డా అవ్వ హాయిగా పడుకుంటోందని. నేను పాలు చిక్కగా ఉన్నాయని చెప్పి మాట మార్చాను.

నేను ఇప్పుడు కొండాపూర్‌లో ముగ్గురు స్నేహితులతో ఉంటున్నాను. రాత్రి ఆలస్యంగా వచ్చి ఎవరు గేటు దగ్గర నిలబడి పిలిచినా ముందు పలికేది నేనే. ఒక్క పిలుపుకే. వస్తున్నా, ఇక్కడే ఉన్నా, అని అరుస్తాను. వాళ్లకి అదొక తమాషా. వీడికి పెళ్లి చూపులకి కబురొచ్చినా ఇంత తొందరుండదు అంటారు.

పోయిన నెలలో ఒక రాత్రి వాన. నా పేరే, ఒక్కసారి, గేటు వైపునుంచి. పలికాను. పరుగెత్తుకెళ్లి గేటు తీశాను. స్నేహితులు ముగ్గురూ లోపలే నిద్రపోతున్నారు.

రోడ్డు మీద ఎవరూ లేరు. వానలో కాసేపు నిలబడ్డాను. ఎవరైతేనేం... వినిపించిందో లేదోనని, ఇక్కడే ఉన్నా అని ఇంకోసారి అరిచాను.